పటము లేని ప్రతి

పాతపుస్తకముల వర్తకులు అచ్చువేయు కేటలాగులను నిదురకు ముందు చదువుట నాకు చాలకాలమునుండి అలవాటు. కొనువాడనై చదువుట కాదు, కొనగలవాడనే కాను. లండనునుండియో న్యూయార్కునుండియో వెలువడు ఆ జాబితాలలో, ఉత్తర అమెరికా ఖండమును తొలినాళ్లలో చూచి వచ్చినవారు వ్రాసిన యాత్రాగ్రంథములకు ప్రత్యేకముగా ఒక భాగముండును. ఒక్కొక్క పుస్తకము క్రింద దాని జాతకమంతయు వ్రాయబడియుండును: ఏ ఊర అచ్చైనది, ఏ సంవత్సరమున, అట్ట ఏ తోలుతో కట్టినది, ఏ పుట అంచును పురుగు తొలిచినది, పూర్వము ఎవరెవరి యింట నుండినది, ఇన్నియు చెప్పి, చివర ఒక్కొక్కచోట ఒక చిన్న వాక్యము: పటము లేదు. ఈ చిన్న వాక్యమే నన్ను వేధించుచున్నది. 1613లో పారిస్‌లో అచ్చైన షాంప్లేన్ యాత్రాగ్రంథమునే తీసికొందము. క్యుబెక్ నగరమునకు పునాది వేసినవాడు, సెయింట్ లారెన్స్ నది వెంబడి తిరిగి తీరపు వంపులను స్వహస్తముతో గీసికొన్నవాడు చెప్పిన ప్రతి అక్షరమును ఆ ప్రతిలో ఉన్నది. పోయినది మడతపెట్టి కుట్టిన కాగితము ఒక్కటే. అయినను ఆ కాగితముతో పాటు పుస్తకపు వెలలో పెద్ద భాగము పోవును. చదువుటకు వలసినదంతయు చేత నుండగా, లేనిదానికై ఇంత శోకమేల?

ఆలోచింపగా, మడతపటమునకు తక్కిన పత్రములకున్న రక్షణ లేదని తోచినది. చూడవలెనన్నప్పుడెల్ల దానిని బయటికి లాగి, విప్పి, మరల మడవవలెను. పదిమంది విప్పిన పిమ్మట మడత వెంట చిరుగు బయలుదేరును. చిరిగినదానిని ఎవడో ఊడదీసి గోడకు తగిలించును, లేదా ఓడమీదికి తీసికొనిపోవును. అనగా పటము పోయిన ప్రతి, చాలవరకు, పలువురు వాడిన ప్రతి. ఏ ప్రభువు బీరువాలోనో మూడువందల యేండ్లు తెరచువారు లేక నిలిచినది మాత్రము నిండుగా, మచ్చపడక, మడత నలగక మన కాలమునకు చేరినది. సేకర్త ధనము గుమ్మరించి కొనునది ఈ రెండవదానినే. చదువబడకపోవుట పుస్తకమునకు ఇంతటి యోగ్యత యగుట వింత కాదా అని ఒక రాత్రి అనుకొందును. చదువబడకుండుటచేతనే గదా మనకు దక్కినది, ఆ ప్రభువు సోమరితనమునకు మనము ఋణపడియున్నాము అని మరునాటి రాత్రి అనుకొందును. పటములు పోవుటకు వేరొక కారణమును కలదు. దానికి పాఠకుల ఆసక్తితో పని లేదు. 2005లో యేల్ విశ్వవిద్యాలయపు అరుదైన గ్రంథముల ఆలయములో నేలమీద ఒక సన్నని బ్లేడు కనబడుటతో, పేరుమోసిన పటముల వర్తకుడొకడు పట్టుబడెను. పలు గ్రంథాలయములలో పండితవేషమున కూర్చుండి 97 పటములు తస్కరించితినని ఒప్పుకొని, మూడున్నర యేండ్ల శిక్ష పొందెను. ఆ పుస్తకములను అంతకుముందు ఎందరు తెరచి చూచినారో తెలియదు గాని, వానినుండి ఏమి పోయినదో కనుగొనుటకే ఆయా గ్రంథాలయములు చాల శ్రమపడవలసివచ్చెను.

నిండు ప్రతియని అమ్మకానికి వచ్చినది నిజముగా నిండుదేనా అని తేల్చుకొను విద్య ఒకటి ఈ లోకమున కలదు. అది నాకు పటములకన్న ఎక్కువ ప్రియమైనది. ఆ కాలపు కాగితము గుడ్డపీలికల గుజ్జుతో చేయబడినది. వెలుతురునకు ఎదురుగా పట్టినచో, అచ్చుచట్రపు తీగల గీతలు వరుసగా కనబడును. ఒక పత్రములో ఆ గీతలు నిలువుగా నుండి, దాని జంటపత్రములో తీరు మారినచో సందేహింపవలెను. అంతకన్న చమత్కారమైన సాక్షి పురుగు. అట్టలో పుట్టిన పురుగు తిన్నగా లోనికి తొలుచుకొనిపోవును. దాని రంధ్రము పత్రమునుండి పత్రమునకు కొద్దికొద్దిగా జరుగుచు, సన్నగిలుచు సాగును. నడుమ ఒక్క పత్రముమీద రంధ్రము లేక, తరువాతి పత్రముమీద మరల కనబడినదా, ఆ నడుమ పత్రము పిమ్మట వచ్చి చేరినదన్నమాట: వేరొక ప్రతినుండి తెచ్చినదో, నేర్పరి చేతితో వ్రాసినదో. పందొమ్మిదవ శతాబ్దిలో లండనున జాన్ హారిస్ అను చిత్రలేఖకుడు పోయిన పుటలను కలముతో అచ్చువలె గీసి యిచ్చుటలో ఎంత సమర్థుడనగా, బ్రిటిష్ మ్యూజియమువారు ఏది ముద్రితమో ఏది ఆతని చేతిపనియో గుర్తింపలేక, ఇకమీదట తన పత్రములపై సంతకము చేయవలసినదని నియమము పెట్టినారట. పురుగునకు మాత్రము ఆ నియమము అక్కరలేకపోయెను.

ఈ సేకర్తలకు ఆదిపురుషుడెవడని వెదుకగా, అతడు స్వయముగా కొలంబసు కుమారుడే యగుట నన్ను ఆశ్చర్యపరచినది. హెర్నాండో కొలోన్ 1488లో పుట్టి, బాల్యముననే తండ్రి నాలుగవ యాత్రలో వెంట నుండి, తుపానులను, తిరుగుబాటును, జమైకాలో చిక్కుపడి గడిపిన సంవత్సరమును చూచి, పెద్దవాడై సెవిల్ నగరమున పదిహేనువేలకు పైబడిన పుస్తకములు ప్రోగుచేసినాడు. కొన్న ప్రతి పుస్తకము చివరను, ఏ ఊర, ఏ నెలలో, ఎంతకు కొన్నదియు, ఆ స్థానిక నాణెము బంగారు డుకాటులో ఎన్నవ వంతో కూడ వ్రాసికొనుట అతని నియమము. వెనీసులో కొన్న పుస్తకములు ఓడతో మునిగిపోగా, ఆ మునిగినవాని పట్టికను మాత్రము భద్రముగా ఉంచుకొన్నాడు. లేనివానికి పట్టికయేమి అని నవ్వబోయి, నేను చదువు కేటలాగులు నాకవియే గదా అని తోచి ఊరకుంటిని. 1539లో అతడు మరణించిన పిమ్మట ఆ భాండారము ఉపేక్షకు గురియై, నేడు సెవిల్‌లో నిలిచినవి నాలుగువేల చిల్లర. నిలిచినవానిలో తండ్రి చేతివ్రాతలు అంచులనిండ కల మార్కో పోలో ప్రతి ఒకటి. ఆ వ్రాతలు తొలి యాత్రకు ముందువా పిదపవా అన్నది పండితులు నేటికిని వాదించుకొను విషయము. ఆ మార్కో పోలో గ్రంథముననే ముట్ఫిలి అను వజ్రముల రాజ్యమొకటి వర్ణింపబడినది. అది మన మోటుపల్లి రేవు అనియు, అచటి రాణి రుద్రమదేవి అనియు చరిత్రకారులు నిర్ణయించినారు. పోలో ఆమెను గతించిన రాజునకు భార్యగా వ్రాసినాడు. ఆమె గణపతిదేవుని కూతురని మనకు శాసనములవలన తెలియును. రేవులో ఎవడో చెప్పినది, విన్నవాడు విన్నట్లు వ్రాసికొన్నాడు కాబోలు. పశ్చిమసముద్రము దాటి ఆసియా చేరుదునని బయలుదేరినవాని పుస్తకములలో మన యేలిక ఇట్లు వరుస మారి నిలిచియున్నది.

విన్నది వ్రాసిన పుస్తకమునకును, చూచినది వ్రాసిన పుస్తకమునకును వేలములో వెలభేదము లేదు. ఇది నా రెండవ సంశయము. హెనెపిన్ అను సన్న్యాసి నయాగరా జలపాతమును చూచిన మాట నిజము. దాని తొలి ముద్రితచిత్రము 1697లో అచ్చైన ఆతని పుస్తకముననే కలదు. కాని జలపాతపు ఎత్తు ఆరువందల అడుగులకు మించునని అతడు వ్రాసినాడు; నిజమునకు అది రెండువందలకైన చేరదు. ఆ పుస్తకముననే అతడు, లా సాల్ అను ఫ్రెంచి అన్వేషకునికంటె ముందుగా తానే మిసిసిపీ నది ముఖమువరకు పోయివచ్చితినని చెప్పుకొన్నాడు. అది శుద్ధ అసత్యము. మరి ఆరేండ్లకు లాహొంటాన్ ప్రభువు అచ్చువేయించిన గ్రంథములో, మిసిసిపీకి పడమరగా ప్రవహించు ఒక దీర్ఘనది, దాని యొడ్డున నగరములు, వాని ప్రజలు, అన్నియు పటముతో సహా కలవు. ఆ నది లేదు. ఐనను పటకర్తలు దశాబ్దములపాటు దానిని ఒకరినుండి ఒకరు ఎత్తి వ్రాసికొన్నారు. ఈ పుస్తకములను సేకర్తలు షాంప్లేన్ ప్రక్కనే సగౌరవముగా నిలుపుకొందురు. మొదటిది కావలెను, అంతే. మొదటి అబద్ధమైనను మొదటిదే. నాకును, నిజము చెప్పవలెనన్న, ఆ లేని నది మీద కొంత మమకారము లేకపోలేదు. నిజమైన నదులను అంత తీరికగా ఎవరును వర్ణింపలేదు.

ఈ సంశయములకు సమాధానము కాకపోయినను ఒక ఆసరా నాకు రోడ్ ఐలండ్ రాష్ట్రమున, ప్రావిడెన్సు నగరములో దొరకినది. మా అమ్మాయి కాపురము ఆ ప్రాంతమున నుండుటచేత అచటికి పోయినప్పుడు, జాన్ కార్టర్ బ్రౌన్ పేర వెలసిన గ్రంథాలయములో కూర్చుండు భాగ్యము కలిగెను. కలము నిషిద్ధము, పెన్సిలు మాత్రమే. పుస్తకము నడుము విరుగకుండ దానికి ఇరుప్రక్కల మెత్తని దిండ్లు. కెప్టెన్ జాన్ స్మిత్ 1612లో ఆక్స్‌ఫర్డున అచ్చువేయించిన వర్జీనియా పటమును నా యెదుట పెట్టిరి. అందు ఉత్తరము పైన లేదు. పడమర పైన కలదు. ఓడలో వచ్చి తీరమును చేరువాని కంటికి ఎదురుగా నున్నదే పైనుండుట సహజమే గదా. ఎడమమూల పైన, పొగ క్రమ్మిన పొడవైన పర్ణశాలలో పౌహటన్ రాజు కొలువుతీరి యున్నాడు. నదులన్నియు క్రింది అఖాతమునుండి పైకి ప్రాకుచున్నవి. ప్రతి నదిమీదను, ఊర్ల పేర్లు దట్టముగా నుండి కొంత దూరము పోయిన పిమ్మట, నువ్వుగింజ పాటి సిలువ గుర్తు ఒకటి అడ్డముగా నిలిచియున్నది. ఆ గుర్తుల భావమును స్మిత్ పటముమీదనే చెప్పియున్నాడు: సిలువవరకు మేము చూచినది, దానికి ఆవల ఈ దేశస్థులు చెప్పినది. అచ్చునకు రాగిరేకు చెక్కిన విలియం హోల్ చేతికి ఈవలి నదియు ఆవలి నదియు ఒక్కటే; గీత లావు తగ్గలేదు, కొండలు పలుచబడలేదు. గుర్తు ఒక్కటే భేదము.

మన తార్కికులు ప్రత్యక్షమును శబ్దమును వేరువేరు ప్రమాణములుగా విడదీసి, శబ్దమునకు ఆప్తుని మాట యని లక్షణము కట్టినారు. స్మిత్ మహాశయుడు తన సాహసములను గూర్చి చేసిన అతిశయోక్తులు ప్రసిద్ధములే; ఐనను, తర్కము చదువని ఆ సిపాయి, తన జ్ఞానము ముగిసినచోటును తానే గుర్తుపెట్టి చూపినాడు. హెనెపిన్ పెట్టలేదు, లాహొంటాన్ పెట్టినచో ఆ నది మొత్తమును సిలువకు ఆవలనే ఉండవలసివచ్చెడిది. కాని ఆవలి దేశమును చెప్పిన ఆప్తులెవరు? నదీముఖమున నిలిచి, ఇసుకలో వ్రేలితో గీసియో, కర్రపుల్లలు పేర్చియో, ఇంకను ఇన్నిరోజుల నడకయని ప్రొద్దును చూపి చెప్పిన ఆ మనుష్యుల పేరు పటము మీద ఒక్కటియు లేదు. అంతకుముందు ఒకరిద్దరి పేర్లు మిగిలినవి. థామస్ హారియట్ అను గణితవేత్త 1588లో ప్రకటించిన వర్జీనియా వృత్తాంతము వెనుక, 1584లో ఇంగ్లండునకు కొనిపోబడిన మాంటియో, వాంచీస్ అను ఇరువురున్నారు. వారివద్ద హారియట్ వారి భాష నేర్చుకొని, ఆ ధ్వనులకై ఒక లిపినే కల్పించినాడు. ఆ చిన్న పుస్తకపు మూలముద్రణ ప్రతులు నేడు లోకమున వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. రెండేండ్లకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో థియొడోర్ డి బ్రై దానినే జాన్ వైట్ గీసిన చిత్రములతో నాలుగు భాషలలో వైభవముగా వెలువరించినాడు. వైట్ రంగులలో గీసిన మనుష్యులు, డి బ్రై రాగిరేకునకు చేరునప్పటికి, కండలలోను ముఖములలోను యూరోపు శిల్పములైనారు. ఆ 1590లోనే వైట్ తన మనుమరాలిని విడిచివచ్చిన రోనోక్ ద్వీపమునకు మరల పోగా, వలసవచ్చిన తెల్లవారు ఒక్కరును లేక, కంబముమీద చెక్కిన ఒక మాట మాత్రము కనబడెను. ఫ్రాంక్‌ఫర్ట్ సంతలో ఆ దేశపు సౌభాగ్యచిత్రములను ప్రజలు బేరమాడు కాలముననే, ఆ దేశమున ఆ చిత్రకారుడు తనవారికై వెదకుచుండెను.

ప్రతుల చరిత్రలో ఇట్టి అంధకారము లేదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ, ప్రావిడెన్సున బ్రౌన్, న్యూయార్కున జేమ్స్ లెనాక్స్, ఈ ఇరువురు ధనవంతులు అమెరికా తొలి గ్రంథములకై పోటీపడినప్పటి బేరములన్నియు మనకు తెలియును. ఇరువురకును పుస్తకములు సమకూర్చినవాడు లండనులో కాపురమున్న హెన్రీ స్టీవెన్స్. ఇతడు వినోదశీలుడు, తన్ను సభ్యునిగా తిరస్కరించిన క్లబ్బు పేరును, ఆ తిరస్కారమును పొడి అక్షరములుగా మార్చి, బిరుదము వలె తన పేరు ప్రక్కన అచ్చువేయించుకొన్నాడు. లెనాక్స్ ఏకాంతప్రియుడు, పుస్తకములు నిండిన గదిని తాళము వేసి మరియొక గదికి పోవుచుండెడివాడని స్టీవెన్స్ వ్రాసినాడు. ఇంకొక మహానుభావుడు జోసెఫ్ సేబిన్, అమెరికాను గూర్చిన సమస్తగ్రంథములకు నిఘంటువు కట్టబూని 1868లో ప్రారంభించి, నడుమనే 1881లో కన్నుమూసెను; తరువాతివారు దానిని 29 సంపుటములుగా ముగించునప్పటికి 1936 వచ్చెను. లక్షకు మించిన పద్దులు! ఒక పుస్తకము ఏ ప్రభువునుండి ఏ వేలములో ఏ వర్తకుని చేతికి పోయి ఎవరి భాండారము చేరినదో, నాలుగు శతాబ్దుల వంశావళిని ఈ పద్ధతి తప్పులేక చెప్పగలదు. పుస్తకములోని దేశమును చెప్పినవాని తండ్రి పేరును చెప్పలేదు. ఇది సేకర్తల దోషమని నేననను. వారు దొరకిన చీటినెల్ల దాచినారు. చీటి లేనిచో వారేమి చేయుదురు? పైగా ఆ ధనవంతుల మోజు లేకున్న, ఇందులో సగము పచారీ పొట్లములై పోయెడివే. నేడు బ్రౌన్ గ్రంథాలయమువారు తమ ప్రతులలో ఎన్నిటినో ఛాయారూపమున ఎల్లరకును ఉచితముగా చూపుచున్నారు. పాఠము ఊరక దొరకుచున్నను మూలప్రతి వెల తగ్గకపోవుట చూడగా, అమ్ముడుపోవునది పాఠము కాదని ఎప్పుడో తేలిపోయినది.

ఇన్ని చెప్పి, నీకు ధనముండిన ఏది కొందువని అడిగినచో, సమాధానము సిద్ధముగానే యున్నది: పర్చస్ ఐదవ సంపుటము. సామ్యూల్ పర్చస్ అను మతాచార్యుడు లోకమునందలి యాత్రావృత్తాంతములనెల్ల కుప్పవోసి 1625లో నాలుగు పెద్ద సంపుటములుగా అచ్చువేసినాడు. మరుసటియేట వెలువడిన ఆతని వేరొక గ్రంథపు నాలుగవ ముద్రణమును వానితో జతపరచి, ఐదవ సంపుటముగా లెక్కించుట సేకర్తల ఆచారము. ఈ సమాహారమునకు అమెరికా జాబితాలలో పెద్ద పీట. అందులకు హేతువులు స్మిత్ వర్జీనియా పటము, హెన్రీ బ్రిగ్స్ గీయించిన ఉత్తర అమెరికా పటము; ఈ రెండవదానిలో కాలిఫోర్నియా చుట్టును సముద్రము గల ద్వీపము, ఆ తప్పే దాని కీర్తి. అటువంటి పుస్తకమున, ఐదవదానిలో, ఎవరును మొదట తెరవనిచోట, విలియం మెత్వోల్డ్ వ్రాసిన గోల్కొండరాజ్య వృత్తాంతము ఉన్నది. అతడు తూర్పు ఇండియా కంపెనీ పక్షమున మచిలీపట్నమున నాలుగేండ్లు గడపి, రేవును, అద్దకపు బట్టలను, సుల్తాను పన్నులను, మనవారి కులాచారములను వర్ణించినవాడు. పర్చస్ వలెనే యాత్రావృత్తాంతములను కూర్చిన హక్లూట్ రెండవ సంపుటమున రాల్ఫ్ ఫిచ్ అను వర్తకుడు గోల్కొండను తాకిపోయినాడు గాని, మెత్వోల్డ్ నిలిచి చూచినాడు. వర్జీనియాకై పుస్తకము కొన్న దొర బీరువాలో, మన రేవు మూడువందల యేండ్లు పుస్తకములతో పాటు నిదురించినది.

మూలప్రతి నాకు దుర్లభము గనుక, మోర్లండ్ పరిష్కరించి హక్లూట్ సంఘము 1931లో ప్రకటించిన ముద్రణము తెప్పించుకొన్నాను. అట్ట వెలసినదే గాని పటము భద్రముగా ఉన్నది. మెత్వోల్డ్ తన మాటలలో సిలువ గుర్తులు పెట్టలేదు. ఆతనికి చెప్పిన దుబాసీలు, కోమట్లు, పెద్దకాపులు ఎవరో, ఏ మాట నవ్వుచు చెప్పిరో, ఏ మాట దాచిరో అతడును వ్రాయలేదు. అందుచేత, వెల తగ్గునని తెలిసియు, అతడు కన్నది ముగిసి విన్నది మొదలైనదని తోచినచోటనెల్ల అంచున పెన్సిలుతో ఒక్కొక్క సిలువ పెట్టుచు చదువుచున్నాను. వజ్రపుగనుల పుటలు శుభ్రముగానే మిగిలినవి, అచటికి అతడు స్వయముగా పోయినాడు. మన పెండ్లిండ్లను, దేవతలను గూర్చిన పుటలకు వచ్చునప్పటికి మాత్రము పెన్సిలు మాటిమాటికి చెక్కుకొనవలసివచ్చుచున్నది.